ఒక్క యంగడిలోనే దొరకు ల్యాప్‌టాపు



ఎద్దును కొనునపుడు ఏమి చేయవలయునో నాకంటె మీకే బాగుగ తెలియును. అమ్మువాని మాటలు విందురు గాని, ఆ మాటలనుబట్టి వెల కట్టరు. పండ్లు చూతురు, గిట్టలు చూతురు, నడిపించి చూతురు. వీలైనచో కాడి కట్టి రెండు చాళ్లు దున్నించి చూతురు. అట్టి మీరే పట్టణమునకు బోయి మనుమనికో మనుమరాలికో ల్యాప్‌టాపు కొనవలసి వచ్చినపుడు, అంగడివాడు చెప్పినదెల్ల విని, పెట్టె చంకబెట్టుకొని తిరిగి వచ్చుచున్నారు. నేడు నేను ముచ్చటింపదలచిన విషయ మిదియే. అందును ముఖ్యముగా, ఒక్క సంస్థవారి యంగళ్లలో మాత్రమే దొరకు ల్యాప్‌టాపును గూర్చి చెప్పెదను. తక్కినవానికంటె అది యేడెనిమిదివేలు తక్కువకు వచ్చుచుండును. దానిని కొనవచ్చునా, కూడదా యనునది ప్రశ్న.

నేను భాషాప్రవీణ చదివి, ముప్పది యేండ్లకు పైగా పాఠశాలలో తెలుగు చెప్పినవాడను. యంత్రశాస్త్రము నా విద్య కాదు. అయినను ఒకమారు నష్టపడి కొంత, తెలిసినవారి నడిగి కొంత నేర్చుకొంటిని. ఆ నేర్చుకొన్నదే మీకు విన్నవించుచున్నాను.

2025వ సంవత్సరము ఆగస్టు మాసమున మా గ్రామమందలి యొక మిరపరైతు, నా పూర్వశిష్యుడు, ఒక కరపత్రము పట్టుకొని నా యింటికి వచ్చెను. “మాస్టారూ, అమ్మాయికి బి.టెక్. కంప్యూటరు శాఖలో సీటు వచ్చినది. ల్యాప్‌టాపు కావలెనట. ఈ యేడు మిరప ధర యేమైనదో మీరెరుగుదురు గదా. బోరుమోటారు మార్పించుటకు దాచిన నలుబదివేలు తప్ప చేతిలో వేరేమియు లేదు” అనెను. కరపత్రములో పేరుపొందిన యొక కంపెనీవారి ల్యాప్‌టాపు 34,990 రూపాయలనియు, అది తమ యంగళ్లలో మాత్రమే లభించుననియు నుండెను. అదే కంపెనీవారి మరియొక ల్యాప్‌టాపు, అన్ని యంగళ్లలో దొరకునది, 43,490 రూపాయలు. చూచుటకు రెండును కవలపిల్లలవలె నున్నవి. తేడా 8,500 రూపాయలు. “ఇందులో మోసమేమైన నున్నదా?” యని యతని ప్రశ్న.

మోసమే యని చెప్పుట తొందరపాటు. మోసము లేదని చెప్పుటయు తొందరపాటే. ముందుగా ఇట్టి సరకు ఎట్లు పుట్టునో తెలిసికొనవలయును.

ఇట్టివి రెండు తెగలు. మొదటిది, అంగడివారు తమ సొంత పేరు పెట్టి యమ్మునవి. రెండవది, పేరుపొందిన కంపెనీవారే ఒక్క యంగడికొరకు ప్రత్యేకముగా కూర్చి యిచ్చునవి. ల్యాప్‌టాపుపై నుండు పేరుగలవారే దానిని తమ చేతులతో చేయుదురని మనము తలంతుము. అది నిజము కాదు. ప్రపంచమున ప్రసిద్ధములైన కంపెనీల ల్యాప్‌టాపులలో పెక్కింటిని తైవాను దేశపు క్వాంటా, కంపాల్ మొదలగు సంస్థలు తయారుచేసి యిచ్చుచున్నవి. కావున అంగడివాడును అట్టి కర్మాగారమునకు బోయి, తన పేరు ముద్రింపించుకొని సరకు తెచ్చుకొనవచ్చును. 2019లో అమెరికాలోని వాల్‌మార్ట్ సంస్థ మోటైల్ అను పేర ల్యాప్‌టాపులను అట్లే యమ్మినది. వానిని చేసినది చైనాదేశపు టాంగ్‌ఫాంగ్ సంస్థ. మన దేశమున ఫ్లిప్‌కార్టువారు 2020 జనవరిలో ఫాల్కన్ ఏర్‌బుక్ అను పేర నొకదానిని 39,990 రూపాయలకు విడుదల చేసిరి.

వెల తగ్గుటకు న్యాయమైన కారణములున్నవి. నడుమ పంపిణీదారు లుండరు. ప్రకటనల వ్యయము తక్కువ. ఒక్కమారుగా వేలకొలది కొందురు గనుక కర్మాగారమువారును వెల తగ్గింతురు. అయితే మరియొక కారణమున్నది. దానిని కరపత్రములో వ్రాయరు. ఆ సరకు వేరొక యంగడిలో లేదు గనుక, “పక్క కొట్టులో నింతకే యిచ్చుచున్నారు” అని బేరమాడుటకు మీకు వీలు లేదు. 55,000 రూపాయల వెలను కొట్టివేసి 34,990 అని వ్రాసినను, ఆ 55,000 ఎవరైన నెన్నడైన నిచ్చిరో లేదో తెలియదు. కనుక కొట్టివేసిన యంకెను చూడనే కూడదు. పోల్చవలసినది వెలతో వెలను గాదు, వస్తువుతో వస్తువును.

రెండవ తెగలో నింకొక చిక్కు గలదు. మన యూళ్లలో ఒకే పేరు గలవారు నలుగురుందురు. ఇంటిపేరు చెప్పినగాని యెవరో తెలియదు. ల్యాప్‌టాపునకును అంతే. పెద్ద యక్షరములతో వ్రాసిన పేరు అన్నిటికి నొకటే. క్రిందిభాగమున చిన్న యక్షరములలో నుండు మోడలు సంఖ్యయే దాని యింటిపేరు. ఆ సంఖ్య చివర రెండక్షరములు మారినచో లోపల తెర మారవచ్చును, బ్యాటరీ మారవచ్చును. కావున మోడలు సంఖ్యను పూర్తిగా వ్రాసికొని, ఆ కంపెనీవారి స్వంత పుటలో దాని వివరములు చూచుకొనవలయును. పిల్లలు నిమిషములో చూచి చెప్పగలరు.

ఇక పరీక్షింపవలసిన యంగము లయిదు.

మొదటిది ప్రాసెసరు. ఇది యంత్రమునకు మెదడు. ఎద్దు వయస్సు పండ్లవలన తెలియునట్లు దీని వయస్సు దాని యంకెవలన తెలియును. ఇంటెల్ వారి ఐ3-1215యు అను దానిలో 12 అనునది పండ్రెండవ తరమని తెలుపును. అది 2022 నాటిది. ఐ5-8250యు అనునది యెనిమిదవ తరము; 2017 నాటిది. ఐదు మూడుకంటె పెద్దదని రెండవదానిని కొన్నవాడు పొరబడినట్లే. పండ్రెండవ తరపు ఐ3 పెక్కు పనులలో ఎనిమిదవ తరపు ఐ5 కంటె చురుకైనది. ఇందాక చెప్పిన ఫాల్కన్ ఏర్‌బుక్‌లో నున్నది ఎనిమిదవ తరపు ఐ5. అది విడుదలయగునాటికి పదియవ తరము బజారునకు వచ్చియున్నది. వయస్సు మరియొక కారణముచేతను ముఖ్యము. విండోస్ 10 అను వ్యవస్థకు మైక్రోసాఫ్టువారు సాధారణ మద్దతును 2025 అక్టోబరు 14తో ముగించిరి. విండోస్ 11 ఇంటెల్‌లో సాధారణముగా ఎనిమిదవ తరమునకు పూర్వపు ప్రాసెసర్లను అంగీకరింపదు. చౌకయని పాతదానిని కొన్నచో రెండువిధముల నష్టము.

రెండవది ర్యామ్, అనగా పని జరుగునపుడు పుస్తకములు పరచుకొను బల్ల. విండోస్ 11 నాలుగు జి.బి. యున్నను నడుచునని వ్రాయుదురు. కాని అది నాలుగడుగుల గదిలో పదుగురిని పరుండబెట్టుటవంటిది. సామాన్యమైన చదువునకు 8, కంప్యూటరు శాఖకు 16 ఉండుట మేలు. ఇచ్చట నడుగవలసిన ప్రశ్న యొకటే: తరువాత పెంచుకొనుటకు లోపల ఖాళీ స్థానమున్నదా, లేక పలకపై అతికించివేసిరా? అతికించి, ఖాళీ లేనిచో, కొన్ననాడెంతయో చివరి వరకు నంతయే.

మూడవది నిలువ. ఎస్.ఎస్.డి. అనునదియు, ఇ.ఎమ్.ఎమ్.సి. అనునదియు రెండు గలవు. రెండవది చౌక, మందము. అది వేగముగా నున్నపుడు సెకనునకు సుమారు 400 ఎమ్.బి. చదువగా, ఎన్.వి.ఎమ్.ఇ. రకపు ఎస్.ఎస్.డి. 3,000 వరకును, అంతకు మించియు చదువగలదు.

నాలుగవది తెర. 1366కు 768 అని వ్రాసిన తెరపై సుమారు పది లక్షల చుక్కలుండును. 1920కి 1080 అని వ్రాసిన తెరపై ఇరువది లక్షలకు పైగా నుండును. అక్షరముల స్పష్టత దానినిబట్టియే. వెలుతురును నిట్సు అను కొలతతో చెప్పుదురు. 250 గది లోపల చాలును. కిటికీయొద్ద నెండలో చాలదు.

అయిదవది బ్యాటరీ. పది గంటలు వచ్చును, పండ్రెండు గంటలు వచ్చును అను మాటలు వినకుడు. బ్యాటరీ శక్తిని వాట్-అవర్లలో వ్రాసియుందురు. అది నీటితొట్టి పరిమాణమువంటిది. చదువు పనికి గంటకు సుమారు పది వాట్-అవర్లు ఖర్చగునని తలంచి భాగించుకొనుడు. తొట్టి 41 అయినచో నాలుగు గంటలు, 50 అయినచో అయిదు గంటలు.

ఈ యయిదింటికంటె ముందడుగవలసిన మాట మరియొకటి: మన పని దీనిపై నడుచునా? రిలయన్సువారు 2022 అక్టోబరులో జియోబుక్ అను చిన్న ల్యాప్‌టాపును తమ రిలయన్స్ డిజిటల్ ద్వారా 15,799 రూపాయలకు అమ్మకమునకు పెట్టిరి. అందు 2 జి.బి. ర్యామ్, 32 జి.బి. నిలువ, 11.6 అంగుళముల తెర, సిమ్‌కార్డుతో నడుచు ఇంటర్నెట్టు ఉండెను. 2023లో 4 జి.బి. ర్యామ్, 64 జి.బి. నిలువ గల క్రొత్తది 16,499 రూపాయలకు వచ్చినది. చిన్నపిల్లలు పాఠములు వినుటకు, వ్రాసికొనుటకు అట్టిది చాలవచ్చును. కాని దానిలో నుండినది విండోస్ కాదు, జియోఓఎస్ అను వేరు వ్యవస్థ. విండోస్‌కొరకు చేసిన ఇంజనీరింగు సాధనములను దానిపై నడుపుట కుదరదు. ఆ వస్తువు చెడ్డదని గాదు. దూడను అరకకు గట్టరాదు గదా.

ఇప్పుడు నా నష్టము చెప్పెదను. 2020లో మహమ్మారి వచ్చి బడులు మూతపడినపుడు, నా మనుమడు పాఠములు వినుటకై ఒక యంగడివారి స్వంతపేరు గల ల్యాప్‌టాపును 21,000 రూపాయలకు కొంటిని. నేను ప్రాసెసరు నడుగలేదు, తెర యడుగలేదు. వెల యడిగితిని, రంగు నడిగితిని. రెండేండ్లు బాగుగనే పనిచేసినది. తరువాత బ్యాటరీ యుబ్బి అడుగుభాగము పైకి లేచినది. అంగడికి బోతిని. ఆ పేరు సరకు తాము మానివేసితిమనిరి. వారు చూపిన మరమ్మతుశాల మూతపడియున్నది. ఇతరులు ఆ కొలత బ్యాటరీ తమయొద్ద లేదనిరి. ప్రాసెసరు చెడలేదు, తెర చెడలేదు. ఒక్క బ్యాటరీ దొరకక అది మా యటక యెక్కినది. ఉబ్బిన బ్యాటరీతో నడుపుట అగ్నిప్రమాదకరము గనుక దానిని తీయించి వేసితిని. పైన పటారము, లోన లొటారము అని మన పెద్దలన్నది నా సరకునకు గాదు, నా పరీక్షకే చెల్లును.

ఆ యనుభవముచేత నేను నేర్చినది, అయిదంగముల తరువాత ఆరవ ప్రశ్న: చెడినపుడు బాగుచేయువా డెవడు? ఎచ్చట? అంగడివాని వారంటీయా, తయారుదారుని వారంటీయా? మన జిల్లాలో సేవాకేంద్రమున్నదా? బ్యాటరీ విడిగా దొరకునా? వీనికి సమాధానము లేనిచో, పదివేలు తగ్గినను ఆ సరకు ఖరీదైనదే. మరల నమ్మవలసి వచ్చినపుడును అట్టి పేరులేని సరకు నెవరు నడుగరు. కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి.

రైతు సంగతికి వత్తము. అతడు, అతని కుమార్తె, నేను మువ్వురమును పట్టణమునకు బోతిమి. అమ్మాయి రెండు మోడలు సంఖ్యలను వ్రాసికొని కంపెనీవారి పుటలో చూచినది. ప్రాసెసరు రెండింట నొకటే. నిలువ రెండింట 512 జి.బి. ఎస్.ఎస్.డి. తెర చుక్కలు సమానము. తేడాలు మూడు. చౌకదానికి ర్యామ్ 8, రెండవదానికి 16. చౌకదానికి వెలుతురు 250, రెండవదానికి 300. చౌకదానికి బ్యాటరీ 41, రెండవదానికి 50. వారంటీ రెండింటికిని తయారుదారుదే. దాని సేవాకేంద్రము ఆ పట్టణములోనే యున్నది. నేను నడిచిపోయి కన్నులార చూచి వచ్చితిని.

ర్యామ్ పెంచవచ్చునా యని యంగడిలోని యువకు నడిగితిని. పెంచుట కుదరదనెను. అమ్మాయి మాత్రము, “తాతగారూ, కంపెనీ పుటలో ఖాళీ స్థానమొకటి కలదని వ్రాసియున్నది” అనినది. సేవాకేంద్రమున విచారింపగా ఆమె మాటయే నిజము. 8 జి.బి. ర్యామ్ వేయుటకు కూలితోసహా 2,100 రూపాయలనిరి. తాము వేసినచో వారంటీకి భంగము లేదనిరి. ఆ మాటను కాగితముపై వ్రాయించుకొంటిమి.

లెక్క వేసితిమి. 34,990కి 2,100 కలుపగా 37,090. రెండవదాని వెల 43,490. తేడా 6,400. అనగా కొంచెము వెలుతురు, ఒక గంట బ్యాటరీ, ఈ రెంటికి 6,400 రూపాయలు. “నీకు వెలుతు రవసరమా, తల్లీ?” యని యడిగితిని. “నేను వసతిగృహపు గదిలోను, తరగతిలోను చదువుకొందును. రెండుచోట్లను కరెంటు ప్లగ్గున్నది” అనినది. తండ్రిమాత్రము, “తక్కువది కొనియిచ్చితినని రేపు నీవు బాధపడరాదమ్మా. ఆ మూడువేల చిల్లర యెక్కడనైన అప్పు తెత్తును” అనెను. ఆ పిల్ల తలవంచుకొని, “మోటారున కెట్లు, నాన్నా?” యనినది. ఆ మాటతో బేరము తీరినది.

ఒక్క యంగడి సరకునే కొంటిమి. నలుబదివేలలో 2,910 రూపాయలు మిగిలినవి. తరువాత 2025 చివరి నెలలలో ర్యామ్ చిప్పుల వెలలు మిక్కిలి పెరిగినవి; వెంటనే వేయించుట మేలైనది.

అయితే నా మాటను సూత్రముగా గైకొనకుడు. ఆ మాసముననే నా సహోపాధ్యాయుడొకడు చిత్రకళ చదువు మనుమనికై అదే సరకును గూర్చి యడిగెను. ఆ తెర వర్ణముల సరిగా చూపదు. చిత్రకారునకు తెరయే కాగితము. కనుక నతనికి వలదని చెప్పితిని. వెల తగ్గినపుడు ఏదియో యొకటి తగ్గియే యుండును. తగ్గినదేదో కనిపెట్టి, అది మన పిల్లవానికి కావలసినదా కాదా యని విచారించుటయే మన పని.

కడపట నాలుగు జాగ్రత్తలు. ఒకటి: మన దేశమున నమ్ము ల్యాప్‌టాపులకు భారతీయ ప్రమాణముల సంస్థవారి నమోదు తప్పనిసరి. ఆర్ అక్షరముతో మొదలగు ఆ సంఖ్యను వారి బి.ఐ.ఎస్. కేర్ యాప్‌లో పరీక్షింపవచ్చును. రెండు: వాయిదాలపై వడ్డీ లేదని చెప్పినచో, రొక్కమిచ్చినచో నెంత తగ్గింతురో యడుగుడు. సున్నవడ్డీ యనునది నిజమునకు లేదని రిజర్వుబ్యాంకువారు 2013లోనే బ్యాంకులకు తెలిపియున్నారు. ఆ వడ్డీ వెలలోనో రుసుములోనో దాగియుండును. మూడు: మోడలు సంఖ్య, యంత్రపు వరుససంఖ్య గల రసీదు లేక అంగడి గడప దాటకుడు. నాలుగు: అన్యాయము జరిగినచో జాతీయ వినియోగదారుల సహాయకేంద్రమునకు 1915 సంఖ్యకు ఫోను చేయవచ్చును. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము, మీరు నివసించు జిల్లా కమిషనులోనే ఫిర్యాదు నీయవచ్చును. అంగడియున్న యూరికి బోనక్కరలేదు.

ఎద్దును పరీక్షించుట యెరిగిన మీకు ఇది క్రొత్త విద్య గాదు. పండ్లకు బదులు అంకెలు, కాడికి బదులు పని. తెలియని యంకె కనబడినపుడు ప్రక్కనున్న పిల్ల నడుగుటకు సిగ్గుపడకుడు. నలుబదియేండ్ల క్రింద వారి తండ్రులకు నేను అక్షరములు దిద్దించితిని. నేడు వారి పిల్లలు నాకు దిద్దించుచున్నారు. ఇందు నాకు చిన్నతన మేమియు తోపలేదు.